ప్రభుత్వములు - బిట్‌కాయిను గనులు

మన యీశాన్యమున హిమాలయముల యొడిలోనున్న భూటాను రాజ్యపు జనసంఖ్య ఎనిమిది లక్షలకు మించదు; గుంటూరు నగరపు జనముకంటె ఎంతో యెక్కువ కాదు. ఆ చిన్నరాజ్యము తన నదులనుండి పుట్టిన విద్యుచ్ఛక్తిలో కొంత వెచ్చించి బిట్‌కాయిను అను నాణెములను సంపాదించుచున్నదను వార్త 2023 ఏప్రిల్ మాసమున బయటపడినది. ప్రభుత్వమువారు ప్రకటించుటచేత నది బయటపడలేదు. అమెరికాలో దివాలా తీసిన బ్లాక్‌ఫై, సెల్సియస్ అను రెండు కంపెనీల వ్యవహారము న్యాయస్థానమున కెక్కగా, ఆ కాగితములలో ఖాతాదారుల పేర్ల నడుమ భూటాను ప్రభుత్వపు పెట్టుబడిసంస్థయగు డ్రుక్ హోల్డింగ్ పేరు పత్రికలవారి కంటబడెను. పిమ్మట ఆ సంస్థవారును, నాణెము ధర అయిదువేల డాలర్ల ప్రాంతమున నున్నప్పుడే తాము ఈ పనిలో దిగితిమని యొప్పుకొనిరి. ధర అట్లుండినది 2019 ప్రాంతమున. ఒక రాజ్యపు ఖజానాలో నేమి జరుగుచున్నదో ఆ రాజ్యపు ప్రజలకు పరదేశపు దివాలాకోర్టు కాగితములనుండి తెలియవలసి వచ్చెను. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించిన దీ సంగతియే.

బిట్‌కాయినుల వ్యాపారము మంచిదా చెడ్డదా యను చర్చ మనదేశమున చాల జరిగినది. అందులో సొమ్ము కూడబెట్టినవారును పోగొట్టుకొన్నవారును మన పట్టణములలో లేకపోలేదు. పోగొట్టుకొన్నవారు మాటాడరు గనుక కూడబెట్టినవారి మాటయే వినబడుచుండును. ఆ చర్చను మే మిప్పుడు తలపెట్టలేదు. ఒక గృహస్థు తన సొమ్మును నీటగలుపుకొన్నను నష్టము వానిది, వాని సంసారముది. ప్రభుత్వమే ప్రజల విద్యుత్తుతో, ప్రజల ద్రవ్యముతో ఈ గనులలో దిగినప్పుడు ప్రశ్న వేరగును. అప్పుడు నాణెపు ధరకంటె ముందు అడుగవలసినవి రెండు గలవు: లెక్క యెవరికి చెప్పుదురు? తాళపుచెవి యెవరిచేత నుండును?

గని యను మాట చూచి పాఠకులు భ్రమపడరాదు. ఇచ్చట పలుగును లేదు, పారయును లేదు. 2009 జనవరిలో సతోషి నకమోతో అను మారుపేరు పెట్టుకొన్న యొకరు నెలకొల్పిన యీ నాణెమునకు టంకసాల యనునది లేదు. లోకమందంతట వేలకొలది కంప్యూటర్లలో ఒక్కరీతిగ నుండు బహిరంగమైన చిట్టా యొకటి కలదు. ఏ నాణెము ఎవరినుండి యెవరికి చేరినదో అందు వ్రాయబడును. ఆ చిట్టాకు సుమారు పదినిమిషముల కొక కొత్తపుట చేరును. పుటను చేర్చు నధికారముకొరకు యంత్రములు పందెము వేసికొనును. పుటలోని వ్రాతకు ఏదో యొక యంకెను జతపరచి, ఏర్పరచిన గణితప్రక్రియలో త్రిప్పి, వచ్చిన ఫలము నిర్ణయించిన పరిమితికి లోబడినదా లేదా యని చూచుటయే యా పందెము. లోబడనిచో మరియొక యంకె. అదియు తప్పినచో వేరొకటి. ఇప్పటి యంత్ర మొక్కొక్కటి సెకనునకు లక్షలకోట్ల మారులు ఇట్లు ప్రయత్నించును. ఇందు బుద్ధికుశలత యేమియు లేదు. విసుగులేని తిరుగుడు, దానికి తగిన కరెంటు ఖర్చు మాత్రమే యున్నది. గెలిచినవానికి ప్రతిఫలము మొదట పుటకు 50 నాణెములు. అది నాలుగేండ్ల కొకమారు సగమగుచు వచ్చి 2024 ఏప్రిల్ నుండి 3.125 అయినది. మొత్తముమీద నాణెములు రెండుకోట్ల పదిలక్షలకు మించరాదని నియమము.

సేద్యము చేయువారికి సులభముగ తెలియుటకు ఒక పోలిక చెప్పెదము. ఊరికంతకును ఊటబావి యొక్కటియే యున్నదనుకొందము. ఊట గంటకింతయని నియతము. ఒకరు మోటారు బిగించిరి, నీరంతయు వారిదే. పదుగురు బిగించిరి, ఒక్కొక్కరికి పదవపాలు వచ్చినది. నూర్గురు బిగించిరి. నీరు పెరుగలేదు, పాలు మాత్రము తగ్గినది, కరెంటుబిల్లు నూరింతలైనది. బిట్‌కాయిను గనియు నిట్టిదే. యంత్రములు పెరిగినకొలది ఇంచుమించు రెండువారముల కొకమారు పందెము తనంతట తానే కఠినమగు నేర్పాటు దానిలోనే యున్నది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 2025లో ప్రకటించిన అంచనాప్రకారము లోకమందలి యీ యంత్రములన్నియు కలిసి సాలుకు సుమారు 13,800 కోట్ల యూనిట్ల విద్యుత్తును మ్రింగుచున్నవి. ఆంధ్రప్రదేశ రాష్ట్రమున ఇండ్లు, కర్మాగారములు, పంపుసెట్లు కలిసి యొక యేడాదిలో వాడుకొను విద్యుత్తు అంతకు తక్కువయే.

ఇంతకును భూటాను పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ఆ దేశమునకు ఇనుము లేదు, చమురు లేదు, సముద్రపురేవు లేదు. ఉన్నది కొండలనుండి దుమికెడి నీరు. ఆ నీటిని విద్యుత్తుగ మార్చుటకు తోడ్పడినది భారతదేశము. 336 మెగావాట్ల చుఖా కేంద్రము 1980ల చివర పనిచేయసాగినది. పిమ్మట 1,020 మెగావాట్ల తాలా, 2019లో 720 మెగావాట్ల మాంగ్దేచు వచ్చినవి. వీనికి మూలధనము చాలవరకు మన ప్రభుత్వము దానముగను ఋణముగను ఇచ్చినదే. వర్షకాలమున నదులు పొంగినప్పుడు భూటానుకు కావలసినదానికంటె ఎన్నియో రెట్లు విద్యుత్తు పుట్టును. మిగిలినది మనకు అమ్ముదురు. ఈ కేంద్రములు పెద్ద జలాశయములు గలవి కావు గనుక నీటిని నిలువచేసికొని తరువాత వాడుకొను వీలు తక్కువ. అమ్ముడుపోని యూనిట్టు కొండవాగులో కలిసిపోయినట్లే. అట్టిచో మిగులు విద్యుత్తును ఇంటనే యుంచి, యంత్రములు నడిపి, అధికమైన వెల వచ్చు నాణెముగ మార్చినచో తప్పేమని వారి వాదము. వాదము బలహీనమైనది కాదు. యువకులును ఉద్యోగులును ఆస్ట్రేలియాకు వలసపోవుచుండగా, వారిని నిలుపుటకై 2023లో పెంచిన జీతముల భారమును రెండేండ్లపాటు మోయుటలో ఈ గనుల లాభము కొంత తోడ్పడినదని అచ్చటి యధికారులే రాయిటర్స్ వార్తాసంస్థకు చెప్పిరి.

అయితే మరియొక ప్రక్కనుగూడ చూడవలెను. 2022 ఆగస్టులో ఆ ప్రభుత్వమే విదేశద్రవ్యపు నిల్వలు తరిగిపోవుచున్నవని చెప్పి మోటారుకార్ల దిగుమతిని చాలవరకు నిషేధించినది. ఆ కాలముననే గనియంత్రములు పరదేశమునుండి దిగుచుండినవి. నిల్వలు తగ్గుటకు ఆ యంత్రముల దిగుమతియు నొక కారణమని తరువాత ప్రపంచబ్యాంకు వ్రాసినది. థింపూలోని యొక చిన్న వర్తకుడు కారు కొనరాదని యాజ్ఞ వచ్చినప్పుడు, దానికి కారణము వినుటకు అతనికి హక్కు లేదా? చలికాలమున కథ మరియొకటి. నదులు సన్నగిల్లగా విద్యుదుత్పత్తి పడిపోయి, భూటాను మనయొద్దనే కరెంటు కొనవలసి వచ్చును. ఇటీవలి చలికాలములలో ఆ కొనుగోలు పెరిగినది. ఆ పెరుగుదలలో యంత్రశాలలకును పాలు గలదు. వర్షకాలపు మిగులుకొరకని ప్రారంభించిన యంత్రము, వేలకొలది డాలర్లు పోసి కొన్నది గనుక, చలికాలమున నూరక కూర్చుండ నొల్లదు. పొరుగువాని చేనిపైరును గట్టుమీదినుండి చూచుటకు మనకు హక్కున్నది గాని గట్టు దాటుటకు లేదు. కావున ఇంతకుమించి వారికి ఉపదేశము చేయ మేము పూనుకొనము. చూచి నేర్చుకొనవలసినది మాత్రము మనకు కలదు.

ఏమన, భూటానువారు దాచిన లెక్క దాగలేదు. బిట్‌కాయిను చిట్టా బహిరంగమైనదని పైన చెప్పియుంటిమి. ఆ చిట్టానే పరిశీలించి ఆర్ఖం అను సంస్థవారు 2024 సెప్టెంబరులో భూటాను ప్రభుత్వమునకు సుమారు 13,000 నాణెములు గలవని గుర్తుపట్టిరి. అప్పటి ధరప్రకారము వాని విలువ 78 కోట్ల డాలర్లు. ఆ దేశపు సాలుసరి ఉత్పత్తిలో నాల్గవవంతునకు తక్కువ గాదు. లోకమందలి దొంగలందరికిని ఖజానాలో నెంత గలదో, ఏ యరలో గలదో తెలిసినది. స్వదేశపు రైతునకు తెలియజెప్పు పద్ధతి మాత్ర మేర్పడియుండలేదు. ఈ వ్యవహారములో ప్రభుత్వములు చేయుచున్న పెద్ద పొరపాటు ఇదియే యని మా యభిప్రాయము: బయటపెట్టవలసిన లెక్కను దాచుచున్నవి, దాచవలసిన తాళపుచెవినిగూర్చి యంతటి శ్రద్ధ వహించుట లేదు.

ఆ తాళపుచెవి యెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. బిట్‌కాయినుకు సొంతదారుడనగా ఒక రహస్యాంకము తెలిసినవాడు. ఆ యంకము డెబ్బదియెనిమిది అంకెలవరకు పొడుగుండు నొక సంఖ్య. అది తెలిసినవాడు నాణెమును మరియొకచోటికి పంపగలడు; తెలియనివాడు రాజైనను పంపజాలడు. పంపినదానిని వెనుకకు రప్పించుటకు బ్యాంకు లేదు, కోర్టు లేదు, రిజిస్ట్రారు లేడు. మన తాలూకా ఖజానాలలో ఇనుపగదికి రెండు తాళములు వేసి, రెండు చెవులను ఇద్దరు వేర్వేరు నుద్యోగులచేత నుంచు ఆచారము తెల్లదొరల కాలమునుండి యున్నది. ఒకడు లొంగినను రెండవవాడు నిలుచునని దాని యుద్దేశము. బిట్‌కాయినునకును ఇట్లే రెండు మూడు రహస్యాంకములు కలిసినగాని తెరువబడని పెట్టెలు గలవు. అయినను ఇనుపగదిని పగులగొట్టినచో చప్పుడగును, జవాను మేల్కొనును. ఇచ్చట చప్పుడు కాదు. దొంగ పదివేల మైళ్ల దూరమున కుర్చీలో కూర్చుండియే పని ముగించును.

ఇది యూహ కాదు. లూబియన్ అను చీనావారి గనిసంఘము 2020లో లోకములోని పెద్దసంఘములలో నొకటి. ఆ సంవత్సరము డిసెంబరులో దాని పెట్టెలనుండి లక్షా యిరువదియేడువేలకు పైగా నాణెములు పోయినవి. డెబ్బదియెనిమిది అంకెల సంఖ్యలలోనుండి గ్రుడ్డిగ నెన్నుకొనవలసిన రహస్యాంకమును వారి యంత్రము సుమారు 429 కోట్ల సంఖ్యలలోనుండియే యెన్నుకొన్నదని పరిశోధకులు చెప్పిరి. 429 కోట్లు మనకు పెద్దసంఖ్యయే, కంప్యూటరుకు పూటపని. అంత సొమ్ము పోయినను సంఘమువారు నోరెత్తలేదు. 2025 ఆగస్టువరకు లోకమునకే తెలియలేదు. అదే సంవత్సరము అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఆ సంఘముతో సంబంధముగల 127,271 నాణెములను స్వాధీనపరచుకొనుటకు దావా వేసెను. అప్పటికి వాని విలువ సుమారు 1,500 కోట్ల డాలర్లు. అవి తమ చేతికెట్లు చిక్కినవో అమెరికావారు ఆ దావాలో వివరింపలేదు. నవంబరులో చీనా ప్రభుత్వపు కంప్యూటరు వైరసు నివారణ కేంద్రము, ఈ పని యొక రాజ్యపు గూఢచారులు చేసినదేయని అమెరికాను వేలెత్తి చూపినది. పూర్వము రాజులు పరరాజుల కోశాగారములను దోచుటకు చతురంగబలములను నడిపించెడివారు. అందులో గెలిచినవా డెవడో లోకమునకైన తెలిసెడిది.

రెండు మూడు తాళములున్నను చాలదని 2025 ఫిబ్రవరి 21వ తేది తెలిపినది. బైబిట్ అను మారకపుసంస్థనుండి ఆనాడు సుమారు 150 కోట్ల డాలర్ల విలువగల ఈథర్ నాణెములు పోయినవి. ఆ పెట్టెకు పలువురి సంతకములు కావలసియుండెను. అందరును సంతకము చేసిరి! పెట్టెను నడిపించు ప్రోగ్రాము తయారుచేసినవారి కంప్యూటరులో దొంగలు ముందే చొరబడియుండుటచేత, సంతకము చేసినవారి కంటికి తెరమీద కనబడినది ఒకటి, వారి సంతకము పడినది వేరొకటి. ఉత్తర కొరియా ప్రభుత్వపు మనుష్యులే యీ దొంగలని అమెరికా నేరపరిశోధకశాఖ ప్రకటించినది. మనదేశమున వజీర్‌ఎక్స్ అను సంస్థనుండి 2024 జులైలో సుమారు 23 కోట్ల డాలర్లు పోయినదికూడ ఆ దేశపువారి పనియేయని 2025 జనవరిలో అమెరికా, జపాను, దక్షిణ కొరియా ప్రభుత్వములు కలిసి ప్రకటించినవి. ఆ సొమ్ము మనవారిది. ఉద్యోగులు, చిన్నవర్తకులు, చదువుకొను పిల్లలు పైసపైస కూర్చి పెట్టుకొన్నది.

ఇక యంత్రములమాట. లోకమందలి గనియంత్రములలో నూటికి తొంబదికి పైగా బిట్‌మెయిన్, మైక్రోబీటీ, కనాన్ అను మూడు చీనా కంపెనీలు నిర్మించినవి. బిట్‌మెయిన్ యంత్రములలోని ప్రోగ్రామున, దూరమునుండి యంత్రమును ఆపివేయుటకు వీలుగల యొక రహస్యద్వార మున్నదని 2017 ఏప్రిల్‌లో బయటపడినది. యజమానులు తమ యంత్రములను దొంగతనమునుండి కాపాడుకొనుటకై పెట్టదలచితిమనియు, అసంపూర్తిగ మిగిలిపోయినదనియు కంపెనీవారు సమాధానము చెప్పి దానిని తొలగించిరి. ఆ సమాధానము నిజమే యనుకొందము. ఒక రాజ్యపు విద్యుత్తుతీగలకు వేలకొలది యంత్రములను తగిలించి, వాని మీట మరియొక రాజ్యమున నున్నదో లేదో తెలియకుండుట రాజనీతియగునా? అమెరికావారు ఈ సంగతిని ఆలస్యముగ గ్రహించిరి. వ్యోమింగు రాష్ట్రమున షయాన్ పట్టణముకడ అణుక్షిపణులు గల వైమానికదళపు స్థావరమునకు మైలు లోపల, చీనావారి యాజమాన్యము గల మైన్‌వన్ అను కంపెనీ 2022లో నేలకొని గని పెట్టినది. 2024 మే 13న అధ్యక్షుడు బైడెన్ ఆ నేలను అమ్మివేయవలసినదనియు, యంత్రములను తొలగింపవలసినదనియు ఆజ్ఞ చేసిరి. అంతవరకు అవి అచ్చటనే యుండినవి.

పరాయివారి సంగతి యట్లుండ, ఇంటివారితోడను భయమున్నది. రష్యాలో సరోవ్ అనునది సోవియట్టువారి తొలి అణుబాంబు పుట్టిన రహస్యపట్టణము. అచ్చటి అణ్వాయుధ పరిశోధనాలయపు మహాకంప్యూటరును భద్రతకొరకు ఇంటర్నెట్టుతో సంబంధము లేకుండ నుంచియుండిరి. దానిని ఇంటర్నెట్టుకు తగిలించి బిట్‌కాయినులు తీయబోయిన యుద్యోగులు 2018 ఫిబ్రవరిలో పట్టుబడిరి. మరుసటియేడు యుక్రేనులోని దక్షిణ యుక్రేను అణువిద్యుత్కేంద్రపు ఆవరణలో ఇట్టి యంత్రములే దొరకినవి. కేంద్రపు రక్షణరహస్యములు బయటికి పోయియుండునని ఆ ప్రభుత్వము విచారణ జరిపినది. కరెంటు ఉచితముగ దొరకుచోట, కంప్యూటరు బలముగ నున్నచోట ఈ యాశ పుట్టుచున్నది. ఆ రెండును గల చోట్లు సాధారణముగ రాజ్యరక్షణకు సంబంధించినవే యగుచున్నవి.

ఇరాను దేశపు కథ మరింత విచారకరము. పరదేశముల యాంక్షలచే వర్తకము కుంటుపడగా, ఆ ప్రభుత్వము 2019లో గనితీతను పరిశ్రమగ నంగీకరించి లైసెన్సు లిచ్చినది. వచ్చిన నాణెములతో దిగుమతుల వెల చెల్లింప నెంచినది. చవుక కరెంటునకు లైసెన్సు లేనివారును ఎగబడిరి. 2021 మే మాసమున పట్టణములు చీకటిలో మునిగి, నాలుగుమాసములపాటు గనుల నన్నిటిని నిషేధింపవలసి వచ్చెను. గనులలో నూటికి ఎనుబదియైదు లైసెన్సు లేనివేయని అధ్యక్షుడు రూహాని యొప్పుకొనిరి. 2025 జూనులో ఇజ్రాయేలుతో యుద్ధము జరుగుచుండగా నోబిటెక్స్ అను వారి మారకపుసంస్థనుండి సుమారు తొమ్మిదికోట్ల డాలర్ల నాణెములు పోయినవి. చొరబడినవారు ఆ సొమ్మును తీసికొనిపోలేదు. తాళపుచెవి యెవరికిని లేని పెట్టెలలో పారవైచిరి. పైరు కోసికొనిపోవు దొంగ వేరు, కుప్పకు నిప్పుపెట్టు శత్రువు వేరు.

కజకిస్తాను, సాల్వడారు సంగతులు రెండుమాటలలో చెప్పవచ్చును. 2021లో చీనా తన దేశమున గనులను నిషేధింపగా చాల యంత్రములు కజకిస్తానుకు చేరినవి, కరెంటుకొరత పుట్టినది. 2022 జనవరి యల్లర్లలో ప్రభుత్వము ఇంటర్నెట్టును ఆపగానే గనులును ఆగినవి. సాల్వడారు 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయినును చెల్లుబడి నాణెముగ ప్రకటించి, అగ్నిపర్వతపు వేడితో పుట్టిన విద్యుత్తుతో గని నడిపి, 2024 మేవరకు సంపాదించినది సుమారు 474 నాణెములు. అంతర్జాతీయ ద్రవ్యనిధినుండి 140 కోట్ల డాలర్ల ఋణముకొరకు 2025 జనవరిలో ఆ శాసనమును సవరించి, పుచ్చుకొనితీరవలెనను నిర్బంధమును తొలగించుకొన్నది. అమెరికా 2025 మార్చిలో బిట్‌కాయిను నిధిని స్థాపించినదని మనవారు కొందరు ఉత్సాహపడుచున్నారు గాని, అది గని తీసి కూర్చినది కాదు. నేరస్థులనుండి జప్తుచేసిన నాణెములను అమ్మక యుంచుకొనుట మాత్రమే.

మన పడమటి పొరుగువారగు పాకిస్తాను 2025 మే మాసమున, వాడుకలేక పడియున్న విద్యుచ్ఛక్తిలో 2,000 మెగావాట్లను గనులకును కంప్యూటరు కేంద్రములకును కేటాయింతుమని ప్రకటించినది. చవుకధర కిచ్చుటకు ద్రవ్యనిధివారు అంగీకరింపలేదు. ఉత్తరమున భూటాను, పడమట పాకిస్తాను దిగుచుండగా మనమును దిగవలదా యని మా మిత్రులు కొందరు అడుగుచున్నారు. మన ప్రభుత్వ మింతవరకు దిగలేదు. 2022 ఏప్రిల్ నుండి ఈ నాణెముల లాభముపై నూటికి 30 పన్ను విధించినది. గనికైన ఖర్చును అందులోనుండి తీసివేయుటకు ఒప్పుకొనలేదు. ఈ వైఖరిలో స్పష్టత లేదను విమర్శ సబబైనదే. అయినను ప్రభుత్వమే గని పెట్టవలెనను వాదమును మేము అంగీకరింపజాలము. వర్షకాలమున కొండలపై పొర్లిపోవు నీరు భూటానుది. మనది బొగ్గు మండించి పుట్టించు కరెంటు. తొమ్మిదిగంటల విద్యుత్తు వేళకు వచ్చునో రాదో యని మోటారుకొట్టముకడ కాచుకొని కూర్చుండు రైతునకు, ఆ బొగ్గు ఊటబావికి నూటొకటవ మోటారు బిగించుటకు పోయినదని చెప్పగల మంత్రి యెవరు?

అంతకన్న ముఖ్యము, తాళపుచెవి కాపాడు సామర్థ్యము మనకు కుదిరినదా యనునది. కూడంకుళము అణువిద్యుత్కేంద్రపు కంప్యూటరులో శత్రుప్రోగ్రాము చొరబడినదని 2019 అక్టోబరులో వార్త వచ్చినప్పుడు, అట్టిది సాధ్యమే కాదని ఒకనాడు ప్రకటించి, మరునాడే పరిపాలనకార్యములకు వాడు కంప్యూటరులో అది దొరకిన మాట నిజమేయని అధికారు లొప్పుకొనిరి. అణుయంత్రమును నడిపించు వ్యవస్థ వేరుగ నుండుటచేత దానికి హాని లేదనిరి, అది సంతోషమే. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ కంప్యూటర్లను దుండగులు బంధింపగా, ఇంచుమించు రెండువారములు రోగుల చీట్లు చేతితో వ్రాయవలసి వచ్చెను. ఇట్టివి జరిగిన ఆరుగంటలలో తెలియజేయవలెనని సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ ఆ యేటి ఏప్రిల్‌లోనే ఉత్తర్వు చేసియున్నది. ఆ సంస్థకు తెలియజేయుదురు సరే, రోగికి, పన్ను చెల్లించువానికి తెలియజేయుట యెవరి వంతు?

ఈ ప్రశ్న దూరపుది కాదు. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ పురపాలకశాఖ సంచాలకుని వెబ్‌సైటులోను, తిరుపతి, మాచెర్ల పురపాలకసంఘముల వెబ్‌సైట్లలోను కాయిన్‌హైవ్ అను ప్రోగ్రాము చొప్పింపబడియున్నదని పరిశోధకులు కనిపెట్టిరి. అది తీయునది బిట్‌కాయిను కాదు, మొనేరో అను వేరొక నాణెము. పద్ధతి మాత్ర మా జాతిదే. పురపాలకసంఘపు పుటను తన కంప్యూటరులో తెరచిన గృహస్థు, అది తెరచియున్నంతసేపును, తాను ఎరుగకయే ఎవరికొరకో గని తీయుచుండెను. యంత్రము వాని యింటిది, కరెంటుబిల్లు వానిది, నాణెము పోయినది ఎవరి పెట్టెలోనికో. సంగతి అధికారులకు తెలిపిన పిమ్మటను కొన్నిదినములు ఆ ప్రోగ్రాము అట్లే తిరుగుచుండెనని అప్పటి పత్రికలు వ్రాసినవి. ఇంటిపన్ను కట్టుటలో నొకదినము ఆలస్యమైనచో వడ్డీ లెక్కకట్టి నోటీసు పంపు పురపాలకసంఘములు, ఆ మాసమున తమ గుమ్మములో నేమి జరిగినదో పన్ను చెల్లించువారికి ఒక చీటి వ్రాసి పంపియుండవలసినది.